జూన్‌టీన్త్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూన్ రెండో వారం వచ్చేసరికి అమెరికాలోని మనవాళ్ల నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఆఫీసుకి సెలవెందుకు, లింకన్ ఎప్పుడో విడిపించాడు కదా, పక్కింటివాళ్లు భోజనానికి పిలిచారు ఏం పట్టుకెళ్లాలి, ఇలా. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అసలు ఈ పండుగ ఏమిటి

జూన్‌టీన్త్ అంటే ఏమిటి? ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

1865 జూన్ 19న టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవుపట్నంలో, ఆ రాష్ట్రంలోని బానిసలందరూ స్వేచ్ఛాజీవులని అమెరికా సైన్యం ఉత్తర్వు వెలువరించింది. ఆ రోజుకు గుర్తు ఈ పండుగ. ‘జూన్’, ‘నైన్‌టీన్త్’ అనే రెండు మాటలూ జనం నోట్లో కలిసిపోయి ‘జూన్‌టీన్త్’ అయింది. విముక్తి దినం, జూబిలీ దినం అన్న పేర్లూ ఉన్నాయి. 2021 చట్టంలో మాత్రం ‘జూన్‌టీన్త్ జాతీయ స్వాతంత్ర్య దినం’ అని రాశారు.

స్వాతంత్ర్య దినం జూలై 4న ఉంది కదా, మళ్లీ ఇంకొకటి ఎందుకు?

1776 జూలైలో మనుషులంతా సమానమని ప్రకటించిన నాటికి అమెరికాలోని అప్పటి బ్రిటిష్ వలసల్లో దాదాపు 5 లక్షల మంది నల్లజాతివాళ్లు బానిసలుగా ఉన్నారు. ఆ ప్రకటన వాళ్లకు వర్తించలేదు సరికదా, 1860 జనాభా లెక్కలు వచ్చేసరికి బానిసల సంఖ్య 39,53,760కి చేరింది. బానిసత్వం నుంచి తప్పించుకుని గొప్ప వక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852లోనే రోచెస్టర్‌లో ఇదే నిలదీశాడు: ఈ జూలై 4 బానిసకు ఏమవుతుంది అని. జూన్‌టీన్త్ జరుపుకునేవాళ్లలో చాలామంది జూలై 4 కూడా జరుపుకుంటారు. ఒకటి దేశం విడుదలైన రోజు, రెండోది ఆ దేశంలోని మనుషులు విడుదలైన రోజు.

## 1863 నుంచి 1865 దాకా

లింకన్ 1863లోనే బానిసల్ని విడిపించాడు కదా, మరి 1865 దాకా ఎందుకు ఆగింది?

1863 జనవరి 1న అమల్లోకి వచ్చిన విముక్తి ప్రకటన, ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం సాగుతుండగా సర్వసేనాధిపతి హోదాలో అధ్యక్షుడు లింకన్ ఇచ్చిన ఆదేశం. తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాలకే అది వర్తించింది. లింకన్ పక్షానే, అంటే ఉత్తరాది వైపే ఉండిపోయిన డెలవేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీ రాష్ట్రాల్లోని బానిసలకు వర్తించలేదు. టెనెస్సీని, అప్పటికే సైన్యం చేతికి వచ్చిన లూసియానా, వర్జీనియా భాగాలను కూడా మినహాయించారు.

వర్తించిన చోటైనా కాగితం తనంతట తాను పని చేయలేదు. ఉత్తరాది సైన్యం ఎంతవరకు చేరితే విముక్తి అంతవరకే. టెక్సాస్ యుద్ధరంగానికి పడమటి కొసన ఉంది. 1862 అక్టోబరులో ఉత్తరాది సైన్యం గాల్వెస్టన్‌ను పట్టుకుంది కానీ నిలుపుకోలేకపోయింది. దక్షిణాది దళాలు ఆ ఊరిని తిరిగి గెలుచుకున్న రోజు ఏదో తెలుసా? 1863 జనవరి 1. ప్రకటన అమల్లోకి వచ్చిన రోజే, దాన్ని అక్కడ అమలు చేయగల సైన్యం ఊరు విడిచిపోయింది.

తర్వాత 1865 ఏప్రిల్ 9న వర్జీనియాలో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాడు. మిసిసిపీ నదికి పడమటి దళాల లొంగుబాటు జూన్ 2న గాని పూర్తి కాలేదు. జూన్ 19 నాటికి ప్రకటన అమల్లోకి వచ్చి లెక్కకు సరిగ్గా 900 రోజులు.

కబురు అందడానికే రెండున్నరేళ్లు పట్టిందని బడిలో చెప్పారు. నిజమేనా?

ఎక్కువగా వినిపించేది ఈ మాటే, ఎక్కువగా దారి తప్పించేదీ ఇదే. ‘కబురు ఆలస్యమైంది’ అంటే తప్పెవరిదీ కాదన్నట్టు, దూరానిదో టపాదో అన్నట్టు వినిపిస్తుంది. జరిగింది అది కాదు. అప్పటికి తంతి ఉంది. పత్రికలున్నాయి. టెక్సాస్‌లో బానిసల యజమానులకు 1863 ప్రకటన సంగతి బాగా తెలుసు. తెలుసు కాబట్టే లూసియానా, ఆర్కన్సా వంటి చోట్ల సైన్యం దగ్గరపడుతుంటే యజమానులు తమ బానిసల్ని గుంపులుగా టెక్సాస్‌కు తోలుకొచ్చారు, అక్కడికి ఆ సైన్యం రాదన్న ధీమాతో. 1860 లెక్కల్లో టెక్సాస్ బానిసలు 1,82,566 మంది. 1865 జూన్ నాటికి దాదాపు రెండున్నర లక్షలు.

బానిసల్లోనూ చాలామంది ఆ మాట చెవిన వేసుకున్నవాళ్లే. యజమానుల ఇళ్లలో వడ్డించేటప్పుడు, బండ్లు తోలేటప్పుడు, రేవులో మూటలు దించేటప్పుడు వినేవాళ్లు. రాత్రికి అది గుడిసెల దాకా పాకేది. తెలిసినా పొలం దాటితే వేటకుక్కలు, కొరడా, తుపాకీ. తెలియకపోవడం కన్నా, తెలిసినా కదలనివ్వకపోవడమే అసలు కథ. జూన్ 19 తర్వాత కూడా, పత్తి కోతలు పూర్తయ్యేదాకా విడుదల సంగతి దాచిపెట్టిన యజమానులున్నారు. ఆనాటి బానిసలు 1930లలో వృద్ధులై చెప్పిన జ్ఞాపకాల్లో ఈ ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తుంది.

కబురు తెస్తున్న దూతను దారిలో చంపేశారనీ, అతను కంచరగాడిద మీద వచ్చాడు కాబట్టి ఆలస్యమైందనీ చెప్పే కథలు జానపదాలు. పిల్లలకు చెప్పేటప్పుడు ‘వాళ్లకు తెలియలేదు’ అనకుండా ‘వాళ్లను వదల్లేదు’ అని చెప్పండి. రెండు మాటలే, కానీ చరిత్ర సరైన చోట నిలబడుతుంది.

జూన్ 19న వెలువడిన ఆ ఉత్తర్వులో ఏముంది?

మేజర్ జనరల్ గోర్డన్ గ్రాంజర్ పేరున వెలువడిన ‘జనరల్ ఆర్డర్ నంబర్ 3’ నాలుగైదు వాక్యాలకు మించదు. దేశాధ్యక్షుడి ప్రకటన ప్రకారం బానిసలందరూ స్వేచ్ఛాజీవులని మొదటి వాక్యం. పాత యజమానికీ పాత బానిసకీ వ్యక్తిగత హక్కుల్లోనూ ఆస్తి హక్కుల్లోనూ ‘సంపూర్ణ సమానత్వం’ ఉంటుందని, ఇకపై వాళ్ల మధ్య సంబంధం పని ఇచ్చేవాడికీ కూలికి చేసేవాడికీ ఉండేదేనని రెండోది. ఈ ‘సంపూర్ణ సమానత్వం’ అన్న మాట ఆ రోజుకు చాలా పెద్ద మాట. విముక్తి ప్రకటనలో కూడా అది లేదు.

వేడుకల్లో చదివేటప్పుడు చాలాసార్లు ఇక్కడే ఆపేస్తారు. మిగతాది కూడా చదవాలి. విడుదలైనవాళ్లు ఉన్నచోటే నెమ్మదిగా ఉండి కూలికి పని చేసుకోవాలని, సైనిక శిబిరాల దగ్గర గుమిగూడనివ్వబోమని, ఎక్కడైనా సరే ఊరికే కూర్చుంటే పోషించబోమని ఉంది. తరతరాలుగా జీతం లేకుండా చాకిరీ చేసినవాళ్లకు ప్రభుత్వం చెప్పిన మొదటి మాటల్లో సోమరితనం మీద హెచ్చరిక ఒకటి. ఉన్నచోట ఉండమన్నా ఎందరో ఉండలేదు. అమ్మేయబడిన పిల్లల్ని, భార్యల్ని, తల్లుల్ని వెతుక్కుంటూ రోడ్డెక్కారు.

గ్రాంజర్ ఒక బంగళా బాల్కనీలో నిలబడి చదివాడంటారు. నిజమా?

ఆష్టన్ విల్లా బాల్కనీ కథ ప్రచారంలో ఉంది కానీ ఆధారాలు లేవు. సైనిక ఉత్తర్వును కాగితాలుగా గోడలకు అతికించి, పత్రికల్లో అచ్చువేయించి తెలియజేయడం ఆనాటి పద్ధతి. గ్రాంజర్ కార్యాలయం ఆస్టర్మన్ భవనంలో ఉండేది. ఉత్తర్వు చేతిరాత ప్రతిని అమెరికా జాతీయ అభిలేఖాగారం 2020లో తన దస్తరాల్లో గుర్తించింది.

ఆ రోజుతో అమెరికా అంతటా బానిసత్వం పోయిందా?

లేదు. కెంటకీ, డెలవేర్‌లలో చట్టబద్ధమైన బానిసత్వం 1865 డిసెంబరు 6న, బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకు ఆమోదం పూర్తయ్యేదాకా సాగింది. ఇప్పటి ఓక్లహామాలోని ఆదివాసీ జాతుల భూభాగంలో 1866 ఒప్పందాలతో ముగిసింది.

ఆ సవరణలో ఒక మినహాయింపు ఉంది: నేరానికి శిక్షగా తప్ప బలవంతపు చాకిరీ ఉండరాదు. ఆ ‘తప్ప’ దగ్గరే తలుపు తెరుచుకుంది. పని లేకుండా తిరుగుతున్నారనే నెపంతో నల్లజాతివాళ్లను పట్టి జైల్లో వేయడం, ఆ ఖైదీల్ని తోటలకు అద్దెకివ్వడం దక్షిణాదిన వ్యాపారమైంది. హ్యూస్టన్ పక్కన మనవాళ్లు చాలామంది ఇళ్లు కొనుక్కున్న షుగర్‌ల్యాండ్ పేరులోని ‘షుగర్’ ఆ చెరుకు తోటలదే. 2018లో అక్కడ బడి భవనానికి పునాదులు తవ్వుతుంటే 95 మంది ఎముకలు బయటపడ్డాయి. వాళ్లు అలా అద్దెకు పోయిన ఖైదీలని పరిశోధకులు తేల్చారు.

## పండుగ ఎలా పాకింది

మొదట్లో ఎలా జరుపుకునేవాళ్లు?

మరుసటి ఏడాది, 1866 జూన్ 19 నుంచే టెక్సాస్‌లో వేడుకలు మొదలయ్యాయి. ప్రార్థన, విముక్తి ప్రకటన చదవడం, బానిసత్వం అనుభవించిన పెద్దలు మాట్లాడటం, ఊరేగింపు, గోతిలో నిప్పుల మీద కాల్చిన మాంసం, ఆటలు. ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకోవడం ఆచారమైంది, ఎందుకంటే బానిసకు బట్ట కూడా యజమాని ఇచ్చిన ముతకదే.

చిక్కు స్థలం దగ్గర వచ్చింది. ఊరి పార్కుల్లోకి నల్లజాతివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. అందుకని ఏటి ఒడ్డున, చర్చి ఆవరణలో జరుపుకునేవాళ్లు. 1872లో హ్యూస్టన్‌లో జాక్ యేట్స్ అనే పాస్టరు, మరికొందరు పెద్దలు చందాలు పోగుచేసి 10 ఎకరాలు కొన్నారు, ఈ పండుగ కోసమే. అదే నేటి ఎమాన్సిపేషన్ పార్క్. బానిసలుగా ఉండి పదేళ్లు కాకముందే, జీతం చూడటం మొదలుపెట్టి ఏడేళ్లకే, భూమి కొన్నారు.

టెక్సాస్ పండుగ జాతీయ సెలవు ఎలా అయింది?

ఇరవయ్యో శతాబ్దంలో లక్షలాది నల్లజాతి కుటుంబాలు పని కోసం కాలిఫోర్నియాకూ ఉత్తరాది నగరాలకూ తరలిపోయాయి. టెక్సాస్ నుంచి వెళ్లినవాళ్లు పండుగను వెంట తీసుకెళ్లారు. 1936లో డాలస్‌లో జరిగిన టెక్సాస్ శతవార్షిక ప్రదర్శనలో పెద్ద వేడుక జరిగింది. తర్వాత కొంతకాలం సన్నగిల్లింది. కార్ఖానా పనివాళ్లకు వారం మధ్యలో సెలవు దొరకకపోవడం ఒక కారణం. 1968 జూన్ 19న వాషింగ్టన్‌లో ‘పేదల ఉద్యమం’ పెద్ద సభ జరిపాక, అక్కడికి వచ్చినవాళ్లు తమ ఊళ్లలో దీన్ని మళ్లీ మొదలుపెట్టారు.

హ్యూస్టన్ శాసనసభ్యుడు అల్ ఎడ్వర్డ్స్ 1979లో బిల్లు నెగ్గించడంతో 1980 నుంచి టెక్సాస్‌లో రాష్ట్ర సెలవైంది. 2020లో పోలీసు చేతిలో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్ హత్యపై దేశమంతా కదిలాక, 2021లో సెనేట్ ఏకగ్రీవంగా, ప్రతినిధుల సభ 415–14 ఓట్లతో ఆమోదించాయి. జూన్ 17న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు. 1983లో మార్టిన్ లూథర్ కింగ్ జయంతి తర్వాత చేర్చిన తొలి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సెలవు ఇదే.

ఓపల్ లీ ఎవరు? ఆమె పేరు ఎందుకు చెబుతారు?

ఫోర్ట్‌వర్త్‌లో స్థిరపడిన రిటైర్డ్ టీచరు, పుట్టింది 1926లో. ఆమెకు 12 ఏళ్లప్పుడు, 1939 జూన్ 19న, తెల్లవాళ్ల పేటలోకి మారిన ఆమె కుటుంబం ఇంటిని ఒక మూక ధ్వంసం చేసి తగలబెట్టింది. తేదీ చూడండి. 2016లో, 89 ఏళ్ల వయసులో, ఈ రోజును జాతీయ సెలవు చేయాలని ఫోర్ట్‌వర్త్ నుంచి నడక మొదలుపెట్టారు. రెండున్నరేళ్ల ఆలస్యానికి గుర్తుగా ఒక్కో విడతకు రెండున్నర మైళ్లు. 2021లో సంతకం చేసేటప్పుడు అధ్యక్షుడి పక్కన ఆమె ఉన్నారు.

జూన్‌టీన్త్ జెండా మీద నక్షత్రం దేనికి?

మధ్యలోని తెల్ల నక్షత్రం ఒంటి నక్షత్రపు రాష్ట్రమైన టెక్సాస్‌కు, నలుదిక్కులా స్వేచ్ఛ పొందినవాళ్లకు గుర్తు. చుట్టూ పగిలినట్టుండే రేఖలు కొత్త ఆరంభం. కింది ఎర్రటి వంపు కొత్త దిగంతం. 1997లో బెన్ హెయిత్ రూపొందించారు. రంగులు అమెరికా జెండావే కావడం కావాలని చేసిందే: బానిసలూ వాళ్ల సంతతీ అమెరికన్లేనని.

## సెలవు, పనులు

మా కంపెనీ సెలవివ్వలేదు. ఇవ్వాల్సిందే కదా?

అక్కర్లేదు. ఫెడరల్ సెలవు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకే హక్కు. ప్రైవేటు కంపెనీ ఇష్టం దానిది. పోస్టాఫీసు, ఫెడరల్ కోర్టులు, చాలా బ్యాంకులు మూసి ఉంటాయి. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ 2022 నుంచి మూస్తోంది. కిరాణా దుకాణాలు తెరిచే ఉంటాయి.

ఇండియాకు డబ్బు పంపితే ఆలస్యమవుతుందా? వీసా పనుల మాటేమిటి?

బ్యాంకు ఖాతా నుంచి ఏసీహెచ్ (అమెరికా బ్యాంకుల మధ్య డబ్బు బదిలీ వ్యవస్థ) పద్ధతిలో వెళ్లే డబ్బు ఆ రోజు కదలదు. ఇంటి అద్దెకో, ఊళ్లో ఫీజుకో పంపేది ఉంటే రెండు పనిదినాల ముందే పంపండి. ఇమిగ్రేషన్ శాఖ ప్రీమియం ప్రాసెసింగ్ (అదనపు రుసుముతో దరఖాస్తును త్వరగా తేల్చే సేవ) గడువు పనిదినాల్లో లెక్కిస్తారు, ఫెడరల్ సెలవు అందులోకి రాదు. హైదరాబాద్ నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్ అమెరికా సెలవులకూ మూస్తుంది కాబట్టి ఆ రోజు అపాయింట్‌మెంట్లు ఉండవు.

జూన్ 19 శనివారమో ఆదివారమో వస్తే?

శనివారమైతే ఫెడరల్ ఉద్యోగులకు ముందురోజు శుక్రవారం, ఆదివారమైతే సోమవారం సెలవు. 2027లో శనివారం వస్తుంది. అలాంటప్పుడు ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులు మాత్రం శుక్రవారం పనిచేస్తాయి.

## వేడుకకు వెళ్లేటప్పుడు

‘హ్యాపీ జూన్‌టీన్త్’ అనొచ్చా?

అనొచ్చు. ఇది సంతాప దినం కాదు, పండుగ. అయితే ‘మీ పూర్వీకులు బానిసలేనా?’ అని అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

అంతా ఎర్రగా ఎందుకు ఉంటుంది? ఎర్ర సోడా, పుచ్చకాయ, ఎర్ర కేకు...

ఎరుపు చిందిన రక్తానికీ, తట్టుకుని నిలబడిన ఓర్పుకూ గుర్తని చెబుతారు. దాని వెనుక పశ్చిమ ఆఫ్రికా రుచులు కూడా ఉన్నాయి: కోలా గింజలు, ఎర్ర గోంగూర పూల పానీయం. బానిస ఓడలతో పాటు సముద్రం దాటిన రుచులు అవి.

భోజనానికి పిలిచారు, మాది శాకాహారం. ఏం తీసుకెళ్లాలి?

ఎర్ర గోంగూర షర్బత్ తీసుకెళ్లండి. మనం పచ్చడి చేసుకునే పుల్లటి ఎర్ర గోంగూర మొక్కదే ఆ పానీయం: పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఉండే కండగల ఎర్ర రేకులతో చేస్తారు. మెక్సికన్ దుకాణాల్లో ఎండబెట్టినవి ‘హమాయికా’ పేరుతో దొరుకుతాయి.

పది మందికి: ఎండు రేకులు 1 కప్పు (సుమారు 40 గ్రాములు), నీళ్లు 2 లీటర్లు, పంచదార ముప్పావు కప్పు, అంగుళం అల్లం, లవంగాలు 3, నిమ్మకాయ 1. రేకుల్ని చల్లటి నీళ్లతో ఒకసారి కడగాలి, ఇసుక ఉంటుంది. 1 లీటరు నీళ్లలో దంచిన అల్లం, లవంగాలు వేసి మరిగించి, పొయ్యి కట్టేశాక రేకులు వేసి మూతపెట్టి 20 నిమిషాలు ఉంచాలి. వడగట్టి, వేడిమీదే పంచదార కలిపి, మిగిలిన లీటరు చల్లటి నీళ్లు పోయాలి. నిమ్మరసం చివర్లో.

చెడేది రెండుచోట్ల. రేకుల్ని సలసలా మరిగిస్తే వగరెక్కుతుంది. అల్యూమినియం గిన్నెలో చేస్తే పులుపు లోహంతో కలిసి రుచి పాడవుతుంది, స్టీలు గిన్నే వాడాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగి తాగడం మంచిది, ఈ పానీయం రక్తపోటును తగ్గిస్తుంది.

పిల్లలకు ఎలా చెప్పాలి?

ఆరేడేళ్ల పిల్లలకు: ‘కొందరు మనుషుల్ని వస్తువుల్లా కొని అమ్మేవాళ్లు, జీతమివ్వకుండా పని చేయించేవాళ్లు, అది ఆగిన రోజు’ అంటే చాలు. పదేళ్లు దాటితే గాల్వెస్టన్ ఉత్తర్వును కూర్చోబెట్టి చదివించండి. బానిసలా, యజమానిలా వేషాలు కట్టించే ఆటలు మాత్రం వద్దు. మంచి ఉద్దేశంతో చేసినా తోటి నల్లజాతి పిల్లల మనసు గాయపడుతుంది.

## మనవైపు ప్రశ్నలు

మన వెట్టిచాకిరి లాంటిదేనా ఇది?

పోలిక ఉంది, తేడా కూడా ఉంది. అమెరికాలో మనిషే ఆస్తి. సంతలో అమ్ముడయ్యేవాడు, అప్పుకు తాకట్టు అయ్యేవాడు. తల్లి బానిసైతే బిడ్డా బానిసేనని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. నిజాం పాలనలోని తెలంగాణలో వెట్టి, కులాన్ని బట్టి, దొర అధికారాన్ని బట్టి ఉచితంగా పిండుకున్న చాకిరీ. భాగేలా అప్పుకింద తరాల తరబడి కట్టిపడేసిన జీతగాడి బతుకు. మనిషిని సంతలో అమ్మకపోయినా, వదిలిపోయే వీలు లేకపోవడం రెండింటిలోనూ ఒకటే. చట్టానికీ అమలుకూ మధ్య దూరం కూడా అంతే: రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది 1950లో, వెట్టికార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది 1976లో, ఇటుక బట్టీల నుంచి కుటుంబాల్ని విడిపించిన వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి.

ఆ రోజుల్లో అమెరికా విముక్తి సంగతి మనదేశంలో ఎవరైనా పట్టించుకున్నారా?

పట్టించుకున్నారు. మహారాష్ట్ర సంఘసంస్కర్త జ్యోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ పుస్తకాన్ని, నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. శూద్ర, అతిశూద్రుల విడుదలకు తన దేశంవాళ్లు కూడా ఆ ఉదాహరణను అందుకోవాలని అందులో కోరారు.

ఇలాంటి పండుగ వేరే దేశాల్లో ఉందా? తెలుగువాళ్లకు సంబంధం ఉందా?

మారిషస్‌లో ఫిబ్రవరి 1 బానిసత్వ రద్దు దినం, జాతీయ సెలవు. అక్కడ 1835లో రద్దయింది. బానిసత్వం పోయాక చెరుకు తోటల యజమానులు ఒప్పందపు కూలీల కోసం ఇండియా వైపు తిరిగారు. అలా ఓడలెక్కినవాళ్లలో కోస్తాంధ్ర తెలుగువాళ్లూ ఉన్నారు, వాళ్ల సంతతి నేటికీ మారిషస్‌లో ఉగాది జరుపుకుంటుంది. కూలీల రాకకు గుర్తుగా అక్కడ నవంబరు 2 కూడా సెలవే. తప్పించుకున్న బానిసలు తలదాచుకున్న ల మోర్న్ కొండ, కూలీలు ఓడ దిగిన అప్రవాసి ఘాట్, రెండూ యునెస్కో వారసత్వ స్థలాలు.